గురువుకు ఒక ఉత్తరం: ఆల్బేర్ కామూ కృతజ్ఞతాలేఖ – చారిత్రక పరిశీలన

సన్మానవేదికపై చెప్పే కృతజ్ఞత నలుగురూ వినడానికి. ఆత్మీయుడికి రాసే ఉత్తరంలోని కృతజ్ఞత ఆ ఒక్కరి కోసం. ఫ్రెంచి రచయిత ఆల్బేర్ కామూ 1957 నవంబరు 19న తన చిన్ననాటి ఉపాధ్యాయుడు లూయీ జెర్మెన్‌కు రాసిన లేఖ రెండవ కోవకు చెందినది.

కామూ 1913లో అల్జీరియాలో జన్మించాడు. ఏడాది నిండకముందే తండ్రి మొదటి ప్రపంచయుద్ధంలో గాయపడి మరణించాడు. తల్లి ఇళ్లలో పాచిపని చేసి పిల్లలను సాకింది. ఆమెకు వినికిడి తక్కువ, చదువు రాదు. అల్జీర్స్‌లోని బెల్కూర్ అనే కార్మికవాడలో, అమ్మమ్మ పెత్తనం కింద నడిచిన ఆ ఇంట్లో ప్రాథమిక విద్య ముగిసిన పిల్లవాడు పనిలో చేరవలసిందే. జెర్మెన్ స్వయంగా వెళ్లి అమ్మమ్మను ఒప్పించాడు. ఉపకారవేతన పరీక్షకు రుసుము లేకుండా విడిగా పాఠాలు చెప్పాడు. 1924లో కామూ ఉన్నత పాఠశాలలో చేరగలిగాడు.

నోబెల్ బహుమతి ప్రకటన అక్టోబరులో వెలువడింది. సందడి కొంత సద్దుమణిగేదాకా ఆగి రాస్తున్నానని కామూ లేఖలోనే చెప్పుకున్నాడు. అయినా డిసెంబరు 10 నాటి స్టాక్‌హోం సభకు మూడు వారాల ముందే ఈ ఉత్తరం రాశాడు. బహుమతి వార్త తెలిసినప్పుడు తల్లి తరువాత తనకు గుర్తుకు వచ్చింది గురువేనని అందులో ఉంది. ఈ వరుసను గమనించాలి. మొదట తలచుకున్న తల్లికి ఉత్తరం రాసినా ఆమె చదవలేదు. రాయగలిగింది రెండవవారికే. చివరి నవల 'మొదటి మనిషి'ని కామూ ఆ తల్లికే, ఆమె ఎన్నటికీ చదవలేదని తెలిసే, అంకితం చేశాడు.

పేద పిల్లవాడికి గురువు అందించిన చేయిని లేఖ స్మరిస్తుంది. అయితే ఆ చేయి అల్జీరియా పిల్లలందరికీ అందలేదు. వలసపాలనలో ముస్లిం బాలల్లో అత్యధికులు బడి ముఖమే చూడలేదు. ఈ సంగతి కామూ ఎరగనిది కాదు. 1939లో కాబిలీ ప్రాంతపు దారిద్ర్యంపై పత్రికకు రాసిన నివేదికల్లో బడుల కొరతను ఆయనే ఎత్తిచూపాడు. స్వాతంత్ర్యపోరాటం రగులుతున్న 1957లో రాసిన ఈ ఉత్తరంలో మాత్రం ఆ ప్రస్తావన రాలేదు. దానిని దోషంగా ఎంచడం సరికాదు. ఋణం చెప్పుకునే చోట రాజకీయ వివరణను ఆశించలేం. చరిత్రకారుడు మాత్రం ఆ మౌనాన్ని కూడా చదవాలి.

నోబెల్ ఉపన్యాసాల గ్రంథాన్ని కామూ జెర్మెన్‌కు అంకితమిచ్చాడు. ఉత్తరం మాత్రం చాలాకాలం వెలుగు చూడలేదు. 1960లో కామూ కారు ప్రమాదంలో మరణించాడు. అసంపూర్ణంగా మిగిలిన 'మొదటి మనిషి' 1994లో అచ్చయినప్పుడు, 1959 ఏప్రిల్ 30 నాటి జెర్మెన్ లేఖతో పాటు ఇది కూడా అనుబంధంగా చేరింది. నోబెల్ గ్రహీతను ఆ వృద్ధుడు తన చిన్నవాడిగానే సంబోధించాడు. పాత ముచ్చట్లతో ఆగక, మతప్రమేయం లేని బడికి పొంచి ఉన్న ముప్పు గురించి ఆందోళనపడ్డాడు. తరగతిలో పిల్లల విశ్వాసాలను తాను ఎలా గౌరవించాడో శిష్యుడికి వివరించాడు.