టేపునుండి డిస్కునకు: గృహదృశ్యముల పునర్లేఖన చరిత్రము



లేఖనము పుట్టిన నాటినుండియు మానవుని రెండు భయములు వెన్నాడుచున్నవి. వ్రాసినది చెడిపోవునేమో యనునది మొదటిది. వ్రాసినది చెడకున్నను దానిని చదువగలవారు లేకపోవుదురేమో యనునది రెండవది. తాటియాకునకు మొదటి భయము మెండు. శిలాశాసనమునకు రెండవది మెండు. మన యిండ్లలో బీరువాల యడుగున బట్టలక్రింద పడియున్న వీడియో క్యాసెట్టులకు ఈ రెండు భయములును ఒక్కమాఱే సంప్రాప్తించినవి. ఒకవైపున టేపు శిథిలమగుచున్నది. మఱియొకవైపున దానిని చదువు యంత్రము లోకమునుండి తొలగిపోవుచున్నది. ఈ యాపద యెట్లు వచ్చెనో, దానికి ప్రతిక్రియ యేమో చరిత్రక్రమమున విన్నవించుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము. యంత్రశాస్త్రము నా వృత్తి గాదు. పాఠశాలలో సంస్కృతాంధ్రములు బోధించినవాడను. అయినను ఈ విషయము యంత్రముల కెంత సంబంధించినదో గ్రంథరక్షణ కంతకంటె నెక్కుడుగా సంబంధించినది.

పూర్వుల మార్గము

గ్రంథనాశమునకు మన పూర్వులు కనుగొన్న యుపాయ మొక్కటియే. అది ప్రతి వ్రాయుట. తాటియాకు మన దేశపు వేడిమికిని, తేమకును, పురుగులకును లోబడి కొన్ని తరములలో శిథిలమగును. కావున ఆకు విరుగకమునుపే మఱియొక యాకుపై నెత్తి వ్రాయుచుండిరి. ఈ పుస్తకమును నూనెనుండియు, నీటినుండియు, సడలిన కట్టునుండియు కాపాడవలసినదని లేఖకులు గ్రంథాంతమున వేడుకొనుట సంస్కృతము చదివినవారెఱిగినదే. నన్నయ వ్రాయించిన తాటియాకు మన చేతికి రాలేదు. నన్నయ భారతము మాత్రము వచ్చినది. నడుమ తరతరములుగా ప్రతులెత్తిన వ్రాయసగాండ్రకు మనము ఋణపడియున్నాము.

1817లో మదరాసునకు వచ్చి, 1820లో కడపయందు ఉద్యోగమున చేరిన సి.పి. బ్రౌను చేసిన పనియు నిట్టిదే. ఆయన పండితులను నియమించి, తాళపత్రములను సేకరించి, వానిని సరిచూపించి కాగితములపై శుద్ధప్రతులు వ్రాయించెను. ఆకునుండి కాగితమునకు మార్చుటలో ఆలస్యము జరిగియున్నచో ఎన్ని కావ్యములు పేరు మాత్రమే మిగిలియుండునో చెప్పనలవి గాదు.

తాళపాకవారి రాగిరేకుల కథ యింకను బోధకరము. అన్నమాచార్యుని (1408–1503) సంకీర్తనములు రాగిరేకులపై చెక్కబడి, తిరుమల దేవాలయమునందలి యరలో బహుకాలము మరుగుపడియుండి, ఇరువదవ శతాబ్దమున పండితుల కృషిచే అచ్చునకు వచ్చెను. రాగి చెడలేదు; అక్షరములు చెడలేదు. అయినను ఒక లోటు మాత్రము తీరలేదు. రేకులపై రాగముల పేర్లు గలవు గాని, పాడిన తీరు లేదు. పదము నిలిచినది, స్వరము పోయినది. నేడు మనము వినుచున్న బాణీలలో పెక్కులు ఆధునిక విద్వాంసులు కూర్చినవి. రాగిరేకు నిలుపలేని ఆ స్వరమును సామాన్య గృహస్థుని యింటియందే నిలిపిన సాధనము వీడియో టేపు. కావుననే దాని నాశము సామాన్యనష్టము గాదు.

టేపు పుట్టుక

శబ్దమును అయస్కాంతశక్తిచే నిలుపవచ్చునని మొదట చూపినవాడు డెన్మార్కు దేశీయుడగు వాల్డెమార్ పౌల్సెన్. ఆయన 1898లో ఉక్కుతీగపై మాటను ముద్రించెను. 1928లో జర్మనీయందు ఫ్రిట్జ్ ఫ్లాయిమర్ కాగితపు పట్టీపై లోహచూర్ణము పూయు పద్ధతిని కనుగొనెను. 1935లో బెర్లినునందు మాగ్నెటోఫోను యంత్రము ప్రదర్శింపబడెను. శబ్దము కంటె దృశ్యమును నిలుపుట కష్టతరము. ఏలయన దృశ్యమునందు క్షణకాలములో నిలుపవలసిన సంకేతములు ఎన్నో రెట్లెక్కువ. అమెరికాయందలి ఆంపెక్సు సంస్థవారు 1956 ఏప్రిలునందు ఈ చిక్కును విడదీసిరి. టేపును మిక్కిలి వేగముగ లాగుటకు మాఱుగా, ముద్రించు హెడ్డులనే చక్రముపై వేగముగ త్రిప్పుట వారి యుపాయము. ఆ టేపు రెండంగుళముల వెడల్పు గలది. ఆ యంత్రము ప్రసారసంస్థలకే గాని గృహస్థులకు అందునది గాదు.

గృహమునకు వచ్చినది తరువాతి తరము. 1975లో సోనీవారి బీటామ్యాక్సు, 1976లో జె.వి.సి. వారి వి.హెచ్.ఎస్. జపానునందు వెలువడెను. రెండింటి టేపును అరయంగుళము వెడల్పు గలదియే. అయినను ఒకదాని క్యాసెట్టు మఱియొకదానిలో పట్టదు. మొదట బీటామ్యాక్సు గంటసేపును, వి.హెచ్.ఎస్. రెండు గంటలును ముద్రించుచుండెను. ఎక్కువసేపు నడచునదియు, ఎక్కువమంది తయారుచేయునదియు నగు వి.హెచ్.ఎస్. తుదకు గెలిచెను. మన దేశమున 1982లో ఆసియా క్రీడల సంవత్సరమున రంగుల టెలివిజను వచ్చిన పిమ్మట వీడియో ప్రచారము హెచ్చెను. తరువాతి యేండ్లలో వివాహమునకు మంగళవాద్యము వలెనే వీడియో కెమేరాయు తప్పనిసరి యయ్యెను. ఉపనయనములు, గృహప్రవేశములు, షష్టిపూర్తులు, సభలు నన్నియు టేపులకెక్కెను.

టేపు యెట్లు చెడును

పాలియెస్టరు పట్టీపై ఇనుప భస్మమును జిగురువంటి బంధకముతో పట్టించుటయే టేపు. బొమ్మయు మాటయు ఆ భస్మకణముల అయస్కాంత స్థితియందున్నవి. కాలము గడచినకొలది ఆ శక్తి క్షీణించును. రంగులు వెలిసి, బొమ్మపై తెల్లని చుక్కలు గీతలు కనబడును. బంధకము గాలియందలి తేమను పీల్చి కొన్ని రకముల టేపులలో జిగటయై, పొడి రాలి హెడ్డునకంటుకొనును. కోస్తా జిల్లాలవంటి తేమ దేశములలో బూజు మఱియొక శత్రువు. క్యాసెట్టు కిటికీలోనుండి చూచిన టేపుచుట్టపై తెల్లని పొరవలె నది కనబడును. అట్టి క్యాసెట్టును యంత్రమున నుంచినచో యంత్రమునకును, తరువాత నుంచిన క్యాసెట్టులకును బూజు ప్రాకును.

ఇక రెండవ భయము. బీటామ్యాక్సు క్యాసెట్టుల తయారీని సోనీవారు 2016 మార్చినందు నిలిపిరి. అదే సంవత్సరము జూలైయందు జపానునందలి ఫునాయి సంస్థవారును విడిభాగములు దొరకవని చెప్పి వి.సి.ఆర్.ల తయారీని మానిరి. అటుపిమ్మట మిగిలినవి పాత యంత్రములే. వానియందలి రబ్బరు పట్టీలు సాగుచున్నవి, హెడ్డులు అరుగుచున్నవి, బాగుచేయ నేర్చినవారు వృద్ధులగుచున్నారు. 2019లో యునెస్కోవారు టేపులను గూర్చి లోకమునకు హెచ్చరిక చేసి, వానిని చదువు సాధనములు సుమారు 2025 నాటికి దుర్లభములగునని తెలిపిరి. ఆ గడువు గడచిపోయినది.

పెద్ద సంస్థలును ఈ విషయమున ఏమఱినవి. 1969 జూలైయందు చంద్రునిపై మానవుడు కాలిడినప్పుడు భూమికి వచ్చిన మూలసంకేతముల టేపులు తరువాత చెరిపివేయబడి మరల వాడబడినవని నాసావారే 2009లో తేల్చిరి. ప్రసారమైన ప్రతులు అన్యత్ర నిలిచియుండుటచే లోకమునకు ఆ దృశ్యము దక్కినది. బ్రిటనునందు బి.బి.సి. వారును టేపు ఖరీదని తలచి 1960, 1970 దశకములలో పెక్కు కార్యక్రమములను చెరిపివేసిరి. వానిలో కొన్ని విదేశములకు పంపిన ప్రతులవలన తిరిగి దొరికినవి. ఈ రెండు కథలకును నీతి యొక్కటియే. ఒక్క ప్రతి యున్నది లేనిదానితో సమానము. వేరువేరు చోటుల నున్న ప్రతియే ప్రతి.

డిస్కు యేల సర్వత్ర నడచును

ధ్వనికి ఫిలిప్సు, సోనీ సంస్థల కాంపాక్టు డిస్కు 1982లో వచ్చెను. 1993లో వీడియో సి.డి. వచ్చి మన దేశమున విరివిగా వ్యాపించెను గాని, దానిపై 74 నిమిషములే పట్టును, బొమ్మయు సూక్ష్మము గాదు. బీటామ్యాక్సు, వి.హెచ్.ఎస్. కలహము వలన గుణపాఠము నేర్చిన సంస్థలు 1995లో ముందుగనే యేకాభిప్రాయమునకు వచ్చి, డి.వి.డి. యను నొక్క ప్రమాణము నేర్పఱచుకొనిరి. 1996 నవంబరులో అది జపానున వెలువడెను. 12 సెంటీమీటర్ల యా డిస్కు ఒక్క పొరపై 4.7 గిగాబైట్లు పట్టును. మంచి బొమ్మతో సుమారు రెండు గంటల దృశ్యము నిలుచును. ఏ సంస్థ తయారుచేసిన యంత్రమైనను ఆ ప్రమాణమునే అనుసరించుటచే డిస్కు ఎచటనైనను నడచుట సాధ్యమైనది.

అయినను ఇందొక మెలకువ గలదు. మన దేశపు టేపులు పాల్ పద్ధతివి. అనగా 625 గీతలు, క్షణమునకు 25 బొమ్మలు. అమెరికా టేపులు ఎన్.టి.ఎస్.సి. పద్ధతివి, అనగా 525 గీతలు, క్షణమునకు సుమారు 30 బొమ్మలు. అమెరికా వెళ్ళిన తెలుగువారు పంపిన క్యాసెట్టులు ఇచట సామాన్య యంత్రమున నడువక, ఇచటివి అచట నడువక, యెన్నో కుటుంబములు చూడకయే దాచుకొన్నవి. డిస్కునకు మార్చునపుడు ఈ భేదమును తీర్చవచ్చును. మన దేశపు డి.వి.డి. యంత్రములు సాధారణముగ రెండు పద్ధతులను చదువును. అమెరికా యంత్రములలో పెక్కులు తమ పద్ధతినే చదువును. కావున అచటి బంధువులకు పంపునది ఆ పద్ధతిలోనే చేయించుట మేలు.

పునర్లేఖన విధానము

పనిని గ్రంథపరిష్కరణమువలె క్రమముగ చేయవలెను. మొదట క్యాసెట్టును పరీక్షింపవలెను. వి.హెచ్.ఎస్. క్యాసెట్టు వెన్నున నున్న చిన్న ప్లాస్టికు తునుకను విఱిచివేసినచో దానిపై మరల ముద్రపడదు, ఇది ప్రథమకర్తవ్యము. బూజు పట్టిన దానిని ఇంట నడుపక నిపుణున కీయవలెను. తక్కినవానిని ఒకమాఱు చివరివఱకు చుట్టి, మరల వెనుకకు త్రిప్పి, బిగువు సమము చేసి, హెడ్డులు శుభ్రపఱచిన మంచి యంత్రమున నడుపవలెను. యంత్రమునకును కంప్యూటరునకును నడుమ, అదురుచున్న బొమ్మను సరిదిద్దు టైంబేసు కరెక్టరు నుంచిన ఫలితము మెఱుగగును. ఇందు దగ్గఱి దారి లేదు. మూడు గంటల టేపును మార్చుటకు మూడు గంటలు పట్టును. మూడు గంటలను ఒక్క డిస్కున ఇఱికించిన బొమ్మ మోటుపడును. రెండు డిస్కులుగ విభజించుట యుచితము.

మాటిమాటికి చెరిపి వ్రాయు డిస్కుల కంటె, ఒక్కమాఱే వ్రాయు డి.వి.డి.-ఆర్. డిస్కులు ఎక్కువ యంత్రములలో నడచును. వ్రాసిన పిమ్మట ఫైనలైజు చేయుట మఱువరాదు. అది లేనిచో వ్రాసిన యంత్రమున తప్ప అన్యత్ర నడువకపోవచ్చును. డిస్కుపై కాగితపు చీటి యతికింపరాదు. ఎండయు వేడియు తగులరాదు; ఏలయన వ్రాయు డిస్కులోని రంగుపొర వెలుతురునకు చెడును.

డిస్కును శాశ్వతము గాదని విజ్ఞులు గ్రహింపవలెను. నేటి కంప్యూటరులలో పెక్కింటికి డిస్కు ద్వారమే లేదు. కావున డిస్కుతోపాటు, ఆ దృశ్యమునే ఫైలుగ హార్డుడిస్కున నుంచి, వేఱొక యూరనున్న బంధువునొద్ద నింకొక ప్రతి యుంచవలెను. కొన్నియేండ్ల కొకమాఱు క్రొత్త సాధనమునకు మార్చుచుండవలెను. తాటియాకునకు మన పూర్వులు పాటించిన నియమమే యిది. మూలమైన టేపును మాత్రము పాఱవేయరాదు. మూలమును చూడకయే పాఠభేదములు తీర్చు పండితుడెవ్వడు?

చీటి వ్రాయుట

ఇంతకంటె ముఖ్యమైన మాట యొకటి మిగిలినది. టేపును కాపాడినను, అందున్న వారెవరో చెప్పువారు లేనిచో అది పేరులేని తాళపత్రమే. ముప్పది నలువదియేండ్ల నాటి వివాహదృశ్యమున పందిటిలో కూర్చున్న వృద్ధులు మన కుటుంబములవారే. వారిని గుర్తింపగలవారు మాత్రము నేడు కొలదిమందియే మిగిలియున్నారు. కావున టేపును మార్చిన వెంటనే ఇంటి పెద్దలను కూర్చుండబెట్టి చూపి, ఊరు, సంవత్సరము, సందర్భము, కనబడువారి పేర్లు, వరుసలు వ్రాసికొని డిస్కుతో నుంచవలెను. పెద్దలు చూచుచు చెప్పు మాటలను గూడ ముద్రించుకొన్నచో అదియొక కుటుంబచరిత్రమగును.

ఒక్కొక్క యింటివారు వేరువేరుగ యంత్రము సంపాదించుట కష్టము. ప్రతి జిల్లాయందును సంఘీయులు చేరి, నడచుచున్న మంచి వి.సి.ఆర్. నొకదానిని సంపాదించి, నేర్పుగల యువకుని కప్పగించి, యిండ్లనుండి వచ్చు క్యాసెట్టులను వరుసగ మార్పించుట సాధ్యమే. పూర్వము సభలయందు మాటలాడిన పెద్దల కంఠధ్వనులును ఇట్టి క్యాసెట్టులలో నుండకపోవు.

అన్నమయ్య స్వరమును తెలిసికొను మార్గము మనకు లేదు. మన తాతల స్వరమును, మన అవ్వలు పాడిన మంగళహారతులను మాత్రము నేటికిని కాపాడుకొన వీలున్నది. యంత్రములు ఇంకను కొన్ని నడచుచున్నవి. గుర్తుపట్టు పెద్దలు ఇంకను కొందఱున్నారు. ఈ రెండును ఉన్నంతకాలమే ఈ పని సాధ్యము. కావున ఈ సంచికను చదివిన ప్రతి గృహస్థుడును ముందుగ తన బీరువా తెఱచి, అందున్న క్యాసెట్టుల నెంచుకొనుగాక యని ప్రార్థించుచు విరమించుచున్నాను.