సీలు వేసిన ముప్పయి పేజీలు

ప్రతి ఏటా నవంబరు 11న మౌలానా అబుల్ కలాం ఆజాద్ జయంతికి మన పిల్లలు ఉపన్యాసాలు చదువుతారు. 2008 నుంచి ఆ రోజును జాతీయ విద్యా దినంగా కూడా జరుపుతున్నారు గదా. ఒకసారి అట్టి సభ ముగిసిన తర్వాత ఒక కుర్రవాడు మమ్మల్ని అడిగాడు: "మౌలానాసాబ్ ఎట్లాంటి మనిషో తెలియాలంటే ఏ పుస్తకం చదవాలండీ?" చప్పున జవాబు చెప్పలేకపోయాము. ఆ జవాబే ఈ నాలుగు మాటలు.

మౌలానా 1888లో మక్కాలో జన్మించారు. కైరోలోని అల్ అజహర్ విశ్వవిద్యాలయంలో చదివారని చాలాకాలం చెప్పుకున్నారు, రాసుకున్నారు. అది నిజం కాదు. తండ్రిగారి వద్దా, ఇంటికి వచ్చిన ఉస్తాదుల వద్దా చదువుకున్నారు. కైరో వెళ్ళి చూచిన మాట వాస్తవమే గాని, అక్కడ విద్యార్థి కాదు. మనకు ప్రియమైన నాయకుని చదువు గూర్చిన చిన్న సంగతే ఇట్లా తప్పిపోతే, తక్కిన వాటి మాట ఏమి?

సరే, ఆయన సొంత కథనే చూద్దాము. 'ఇండియా విన్స్ ఫ్రీడం' 1959లో వెలువడింది. అప్పటికి మౌలానా లేరు, 1958 ఫిబ్రవరి 22న కన్నుమూశారు. ఆ పుస్తకం ఆయన కలంతో రాసింది కూడా కాదు. సాయంత్రాలు ఆయన ఉర్దూలో చెబుతుంటే హుమాయూన్ కబీర్ గారు విని, నోట్సు తీసుకొని, ఇంగ్లీషులో అధ్యాయాలు తయారుచేసేవారు. మౌలానా వాటిని చదివి దిద్దేవారు. అంటే మనం వినేది మౌలానా గొంతే, కాని ఇంకొకరి భాషలో. ఆయన ఉర్దూ ఎరిగినవారికి ఈ లోటు ఎంతటిదో చెప్పనక్కరలేదు.

దానిలో ఒక ముప్పయి పేజీలు అప్పుడు అచ్చు కాలేదు. సీలు వేసి ఒక ప్రతిని కలకత్తా నేషనల్ లైబ్రరీలో, ఇంకొక ప్రతిని ఢిల్లీ నేషనల్ ఆర్కైవ్స్‌లో ముప్పయి ఏండ్లపాటు భద్రపరచారు. గడువు తీరాక, కోర్టు వ్యవహారం కూడా నడిచాక, 1988లో అవి పూర్తి గ్రంథంగా బయటికి వచ్చాయి. అందులో తోటి నాయకుల మీద, ముఖ్యంగా నెహ్రూగారి మీద, మౌలానా అభిప్రాయాలు మరింత సూటిగా ఉన్నాయి. చిత్రమేమంటే, ఆ పుస్తకాన్ని మౌలానా అంకితమిచ్చింది ఆ నెహ్రూగారికే, మిత్రుడని. ఇది కపటమని కొందరన్నారు. మేము అట్లా అనుకోము. నలభై ఏండ్లు కలిసి నడిచినవాడి మీద ప్రేమా ఉంటుంది, ఫిర్యాదూ ఉంటుంది. మన ఇండ్లలో అన్నదమ్ముల మధ్య లేదా? కాని 1959లో చదివినవారికి సగం మనిషే దొరికాడన్నది మాత్రం ఒప్పుకోవాలి.

పూర్తి పుస్తకం వచ్చినంత మాత్రాన అంతా సత్యమని కూడా కాదు. రాజ్‌మోహన్ గాంధీ గారు మరుసటి సంవత్సరమే దానిలోని పొరపాట్ల మీద ఒక పుస్తకమే రాశారు. 1946లో తాను కాంగ్రెసు అధ్యక్ష పదవి వదలడం పెద్ద పొరపాటు అని మౌలానా అంటారు. ఆ మాట దేశ విభజన చూచిన తరువాత, పదేండ్లు గడిచాక చెప్పిన మాట. 1946లో ఆయన మనసులో ఏముండెనో ఆ వాక్యం ఎట్లా చెప్పగలదు?

అందుకని ఆ కుర్రవాడికి మేము 'గుబారె ఖాతిర్' చదవమన్నాము. 1942 ఆగస్టులో పట్టుబడి అహ్మద్‌నగర్ కోటలో బందీగా ఉన్నప్పుడు రాసిన ఉత్తరాలవి. రాసింది నవాబ్ సదర్ యార్ జంగ్, అంటే హబీబుర్రహమాన్ ఖాన్ షేర్వానీ గారికి. వీరు మన హైదరాబాదు వారికి కొత్త కాదు, ఉస్మానియా విశ్వవిద్యాలయపు మొదటి వైస్ ఛాన్సలర్ వీరే. జైలు నుంచి ఉత్తరాలు పోస్టు చేసే వీలు లేదు, అవి పుస్తకంగా 1946లో వచ్చాయి. రాజకీయం అందులో తక్కువ. తెల్లవారుజామున పాలు లేకుండా తాగే చైనా టీ, గదిలో గూడు పెట్టిన పిచ్చుకలు, ఇట్లాంటివే ఎక్కువ.

ఇక 1943 ఏప్రిల్ సంగతి. కలకత్తాలో బేగం జులేఖా సాహిబా జబ్బు ముదిరింది. సర్కారును అడిగి వెళ్ళడానికి మౌలానా ఒప్పుకోలేదు. ఆమె ఆ నెలలోనే పోయారు. ఆ రోజుల్లో జైలు అధికారి పత్రిక తెచ్చే అడుగుల చప్పుడు వింటేనే గుండె దడదడలాడేదట. అయినా కుర్చీలోంచి కదలక, ఏమీ పట్టనట్టు కూర్చునేవారు. అదంతా పైకి చూపిన నటనేనని ఆయనే రాసుకున్నారు.

1945లో విడుదలై కలకత్తా చేరినప్పుడు హౌరా స్టేషన్ వద్ద జనం నిండిపోయి ఉన్నారు. మౌలానా ఇంటికి పోకముందు కారును ఆమె సమాధి వైపు తిప్పించారు. ఈ సంగతి మాత్రం 'ఇండియా విన్స్ ఫ్రీడం'లోనే ఉంది, కొద్ది వాక్యాలలో. కారు నిండా ఉన్న పూలదండల్లో ఒకటి తీసి సమాధి మీద పెట్టి, మౌనంగా ఫాతిహా చదివారు.