తగ్గాల్సింది కొవ్వు, కండ కాదు: వెయిట్ ట్రైనింగ్‌పై తెలుసుకోవాల్సిన విషయాలు

లింగంపల్లి: ఐటీ ఉద్యోగులు ఎక్కువగా ఉండే లింగంపల్లి, చందానగర్, నల్లగండ్ల ప్రాంతాల్లో జిమ్‌లకు కొదవ లేదు. ఆఫీస్ క్యాబ్ రాకముందు కొందరు, షిఫ్ట్ ముగిశాక కొందరు వెళ్తుంటారు. కొత్తగా చేరేవాళ్లు చెప్పే మాట దాదాపు ఒక్కటే: ‘పది కిలోలు తగ్గాలి.’ ఆ పది కిలోల్లో ఏది తగ్గాలి అన్నది మాత్రం చాలామంది అడగరు. అసలు తేడా అంతా అక్కడే ఉంది.

లింగంపల్లి నుంచి గచ్చిబౌలి వెళ్లే పాత ముంబై రోడ్డు మీదే హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉంది. ఆ విశ్వవిద్యాలయం, ఏఐజీ హాస్పిటల్స్ పరిశోధకులు కలిసి హైదరాబాద్‌లోని 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించి 2025లో ‘సైంటిఫిక్ రిపోర్ట్స్’ పత్రికలో ఫలితాలు ప్రకటించారు. వారిలో 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు పెరిగినట్లు, 71 శాతం మందికి ఊబకాయం ఉన్నట్లు తేలింది. గంటల తరబడి కుర్చీలో కూర్చోవడం, పని ఒత్తిడి, నిద్రలేమి, వేళకాని తిండి దీనికి కారణాలని గుర్తించారు. అంటే ఈ ప్రాంతంలో బరువు తగ్గడం అద్దం ముందు అందం కోసం మాత్రమే కాదు, లివర్ కోసం, షుగర్ రాకుండా ఉండటం కోసం కూడా.

కాంటా చెప్పని సంగతి

కాంటా మీద కనిపించే అంకెలో కొవ్వు, కండ, ఎముక, నీరు అన్నీ కలిసే ఉంటాయి. డైట్ మొదలుపెట్టిన మొదటి వారంలోనే రెండు మూడు కిలోలు తగ్గిపోతే చాలామంది సంబరపడతారు. అందులో ఎక్కువ భాగం నీరే. కండల్లో, కాలేయంలో నిల్వ ఉండే గ్లైకోజెన్ తన వెంట దాదాపు మూడు రెట్ల నీటిని పట్టి ఉంచుకుంటుంది. అన్నం, రొట్టె తగ్గించగానే ఆ నిల్వ, దాంతో పాటు నీరు పోతాయి. మళ్లీ ఒక దావత్‌లో బిర్యానీ తినగానే తిరిగి వస్తాయి. కొవ్వు అంత తొందరగా పోదు, అంత తొందరగా రాదు కూడా.

బరువు సరిగా ఉన్నంత మాత్రాన కొవ్వు తక్కువ ఉందని చెప్పలేం. పుణెకు చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన జాన్ యూడ్కిన్ 2004లో ‘లాన్సెట్’ పత్రికలో తమ ఇద్దరి కొలతలే ఇచ్చారు. ఇద్దరి బీఎంఐ ఒక్కటే, 22.3. కానీ యూడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం ఉంటే, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం ఉంది. చూడటానికి సన్నగా ఉన్నా లోపల కొవ్వు ఎక్కువ, కండ తక్కువ ఉండటం మన దేశంలో మామూలే. అందుకే భారతీయులకు బీఎంఐ 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయంగా లెక్కిస్తారు. నడుము చుట్టుకొలత మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటకూడదు.

నిఖత్ జరీన్ అనుభవం

బరువు తగ్గడానికీ బలం మిగలడానికీ ఉన్న సంబంధం తెలియాలంటే నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ కథ చూడాలి. 2022లో ఇస్తాంబుల్‌లో 52 కిలోల విభాగంలో ఆమె ప్రపంచ చాంపియన్ అయ్యారు. ఒలింపిక్స్‌లో ఆ విభాగం లేకపోవడంతో 50 కిలోలకు దిగారు. 2023లో ఢిల్లీలో ఆ విభాగంలోనూ ప్రపంచ టైటిల్ గెలిచారు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మాత్రం చైనా బాక్సర్ వూ యూ చేతిలో ప్రీక్వార్టర్స్‌లో ఓడిపోయారు. బరువు అదుపులో పెట్టడం కోసం రెండు రోజులుగా ఏమీ తినలేదని, బరువు చూసిన తర్వాతే నీళ్లు తాగానని ఆమె ఆ తర్వాత చెప్పారు. అదే ఒలింపిక్స్‌లో రెజ్లర్ వినేశ్ ఫోగట్ 50 కిలోల కంటే 100 గ్రాములు ఎక్కువ ఉన్నారని ఫైనల్‌కు ముందు అనర్హురాలయ్యారు.

పోటీ కోసం చివరి రోజుల్లో తగ్గించే ఆ బరువు ప్రధానంగా నీరు, కడుపులో ఉన్న ఆహారం. అది క్రీడాకారుల అవసరం. కానీ పెళ్లికి నెల రోజుల ముందు పస్తులుండి తగ్గాలనుకునే మామూలు మనిషి కూడా తెలియకుండా అదే పని చేస్తున్నాడు. అంకె తగ్గుతుంది, ఒంట్లో సత్తువ కూడా తగ్గుతుంది.

కండ ఎందుకు కరుగుతుంది?

ఇది జమాఖర్చు లెక్కలాంటిది. రోజూ ఖర్చయ్యే శక్తి కంటే తిండి ద్వారా వచ్చేది తక్కువైతే, శరీరం నిల్వల్లోంచి తీసి వాడుకుంటుంది. కొవ్వు ఒక నిల్వ. అవసరమైతే కండలోని ప్రొటీన్ కూడా నిల్వే. కండను పోషించడానికి ఖర్చు అవుతుంది కాబట్టి, వాడకంలో లేని కండను శరీరం ముందుగా వదిలించుకుంటుంది. వ్యాయామం లేకుండా తిండి ఒక్కటే తగ్గిస్తే, పోయిన బరువులో సుమారు పావు వంతు కొవ్వు కాని భాగమే ఉంటుందని వైద్యులు లెక్కగడతారు.

కండ పోతే నష్టం ఏమిటి? భోజనం తర్వాత రక్తంలో చేరే చక్కెరలో ఎక్కువ భాగాన్ని తీసుకునేది కండే. అది తగ్గితే షుగర్ అదుపు కష్టమవుతుంది. డైట్ ఆపగానే బరువు తిరిగి వస్తుంది, కానీ ఆ వచ్చేది చాలావరకు కొవ్వు. రెండు మూడుసార్లు ఇలా జరిగితే బరువు పాతదే ఉంటుంది, ఒళ్లు మాత్రం మునుపటికంటే మెత్తబడుతుంది.

బరువులు ఎలా ఎత్తాలి?

‘ఈ కండ ఇంకా కావాలి’ అని శరీరానికి చెప్పే మార్గం బరువులు ఎత్తడమే. నడక, ట్రెడ్‌మిల్ గుండెకు మంచివి, క్యాలరీలు ఖర్చు చేస్తాయి, కానీ ఆ పని పూర్తిగా చేయలేవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామంతో పాటు కనీసం రెండు రోజులు కండరాల వ్యాయామం ఉండాలని చెప్పింది.

కొత్తవాళ్లకు వారంలో మూడు రోజులు, రోజుకు 45 నిమిషాలు సరిపోతాయి. ప్రతిసారీ ఒళ్లంతా పని చేసేలా ఐదారు వ్యాయామాలు చాలు: కూర్చుని లేచే స్క్వాట్, నేల మీద నుంచి ఎత్తే డెడ్‌లిఫ్ట్, ఛాతీకి బెంచ్ ప్రెస్ లేదా పుషప్స్, వీపుకు రోయింగ్ లేదా పుల్‌డౌన్, భుజాలకు షోల్డర్ ప్రెస్, నడుముకు ప్లాంక్. పాతబస్తీ తాలీంలలో పహిల్వాన్లు తీసే దండ్, బైఠక్ కూడా ఈ కోవలోనివే. ఒక్కో వ్యాయామం మూడు సెట్లు, సెట్‌కు 8 నుంచి 12 సార్లు. సెట్ ముగిసేసరికి ఇంకో రెండుసార్లు మాత్రమే చేయగలను అనిపించాలి. 12 సార్లు తేలికగా వస్తే తర్వాతి వారం కొద్దిగా బరువు పెంచాలి.

చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. డైట్ మొదలవగానే బరువులు తగ్గించేసి, చిన్న డంబెల్స్‌తో ముప్పై నలభై సార్లు ఆడిస్తారు, కొవ్వు ‘కట్’ అవుతుందని. పొట్ట వ్యాయామాలతో పొట్ట కొవ్వు మాత్రమే కరగదు. డైట్‌లో ఉన్నప్పుడు కూడా ఇంతకుముందు ఎత్తిన బరువునే ఎత్తాలి. అలసట ఎక్కువైతే సెట్లు తగ్గించుకోవచ్చు. అమెరికాలోని అలబామా విశ్వవిద్యాలయం 2011లో ప్రచురించిన పరిశోధనలో, 16 వారాలు శిక్షణ పొందిన యువకులు ఆ తర్వాత 32 వారాల పాటు తొమ్మిదో వంతు వ్యాయామంతోనే కండను నిలబెట్టుకున్నారు. అరవై దాటినవాళ్లకు అంత తక్కువ సరిపోలేదు. అందులో ఎవరూ డైట్‌లో లేరు కాబట్టి మరీ అంతగా తగ్గించకూడదు, కానీ ఆఫీసులో రిలీజ్ ఉన్న వారం ఒక్క రోజు జిమ్‌కు వెళ్లినా వృథా కాదని మాత్రం తెలుస్తుంది.

తిండి లెక్క

ఒక కిలో కొవ్వులో సుమారు 7,700 క్యాలరీలు ఉంటాయి. రోజుకు 500 క్యాలరీలు తగ్గిస్తే వారానికి దాదాపు అరకిలో తగ్గుతుంది. ఇంతకంటే తొందరపడితే ఏమవుతుంది? నార్వేలో 24 మంది అగ్రశ్రేణి క్రీడాకారులపై చేసిన అధ్యయనం 2011లో వచ్చింది. ఒక జట్టు వారానికి శరీర బరువులో 0.7 శాతం చొప్పున, మరో జట్టు 1.4 శాతం చొప్పున తగ్గింది. రెండు జట్లూ వారానికి నాలుగు రోజులు బరువులు ఎత్తాయి. చివరికి రెండు జట్లూ తగ్గిన బరువు దాదాపు సమానమే. కానీ నెమ్మదిగా తగ్గినవాళ్లకు కొవ్వు 31 శాతం తగ్గి, కండ 2.1 శాతం పెరిగింది. తొందరపడినవాళ్లకు కొవ్వు 21 శాతమే తగ్గింది, కండ పెరగలేదు. 80 కిలోల మనిషికి వారానికి 0.7 శాతం అంటే 560 గ్రాములు.

రెండో లెక్క ప్రొటీన్. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ మామూలు ఆరోగ్యవంతులకు కిలో బరువుకు రోజూ 0.83 గ్రాములు సిఫారసు చేస్తుంది. బరువులు ఎత్తేవాళ్ల విషయంలో 49 అధ్యయనాలను కలిపి చూసిన 2018 నాటి విశ్లేషణలో కిలోకు 1.6 గ్రాముల వరకు ప్రయోజనం కనిపించింది. 75 కిలోల మనిషికి అది 120 గ్రాములు.

ఇంత ప్రొటీన్ ఇంటి తిండితో వస్తుందా? ఒక రోజు లెక్క చూడొచ్చు. పొద్దున 50 గ్రాముల పెసలతో వేసిన పెసరట్టు, మూడు ఉడికించిన గుడ్లు: 30 గ్రాములు. మధ్యాహ్నం 150 గ్రాముల స్కిన్‌లెస్ చికెన్, పప్పు, ఒక కప్పు అన్నం: 45. సాయంత్రం గ్లాసు పాలు, గుప్పెడు వేయించిన శనగలు: 14. రాత్రి రెండు జొన్న రొట్టెలు, 30 గ్రాముల మీల్ మేకర్ కూర, కప్పు పెరుగు: 27. మొత్తం 116 గ్రాములు. మాంసం తిననివాళ్లు మీల్ మేకర్, పనీర్, పప్పులు పెంచుకోవచ్చు.

తగ్గించాల్సినవి నూనె, చక్కెర, రెండోసారి వడ్డించుకునే అన్నం. ఒక టేబుల్ స్పూన్ నూనెలో 120 క్యాలరీలు ఉంటాయి. రోజుకు నాలుగైదు ఇరానీ చాయ్‌లు, పక్కన ఉస్మానియా బిస్కెట్లు ఉంటే 500 క్యాలరీల కోత అక్కడే మాయమవుతుంది.

నిద్ర, నైట్ షిఫ్ట్

చికాగో విశ్వవిద్యాలయం 2010లో పది మందిపై చేసిన చిన్న అధ్యయనం ఐటీ ఉద్యోగులకు బాగా పనికొస్తుంది. తిండి ఒక్కటే, 14 రోజులు. ఒకసారి 8.5 గంటలు, మరోసారి 5.5 గంటలు పడుకునే అవకాశం ఇచ్చారు. రెండుసార్లూ దాదాపు మూడు కిలోలే తగ్గారు. నిద్ర సరిపోయినప్పుడు 1.4 కిలోల కొవ్వు పోతే, నిద్ర తగ్గినప్పుడు 0.6 కిలోలే పోయింది. మిగతాది కొవ్వు కాని భాగం. అమెరికా క్లయింట్ల కోసం రాత్రంతా మేల్కొనేవాళ్లు నిద్ర చంపుకుని జిమ్‌కు పరుగెత్తడం కంటే, చీకటి గదిలో ఏడు గంటలు పడుకుని లేచాక వెళ్లడం మేలు.

రంజాన్‌లో ఎలా?

రోజా ఉన్న నెలలో కొత్త రికార్డుల జోలికి వెళ్లకుండా ఉన్న కండను కాపాడుకుంటే చాలు. ఇఫ్తార్ తర్వాత గంట, రెండు గంటలకు వారానికి రెండు మూడు రోజులు బరువులు ఎత్తొచ్చు. సెట్లు తగ్గించుకోవాలి. సహెరీలో గుడ్లు, పెరుగు, పప్పు తప్పకుండా ఉండాలి. రాత్రి పొడవునా కొద్దికొద్దిగా నీళ్లు తాగాలి. హలీంలో మాంసం, గోధుమ, పప్పుల ప్రొటీన్ ఉంటుంది, దానితో పాటు నెయ్యీ ఉంటుంది. చిన్న గిన్నెతో ఆగితే మంచిది.

పౌడర్లు, ఇంజెక్షన్లు

ప్రొటీన్ పౌడర్ తప్పనిసరి కాదు. కండ పెంచడానికి సప్లిమెంట్ల మీద ఆధారపడొద్దని పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో చెప్పింది. అదే ఏడాది ‘మెడిసిన్’ పత్రికలో వచ్చిన అధ్యయనంలో, మన మార్కెట్‌లోని 36 సప్లిమెంట్లలో 25 డబ్బాల మీద రాసిన ప్రొటీన్ వివరాలకూ లోపల ఉన్నదానికీ పొంతన లేదని తేలింది. జిమ్‌లో ఎవరైనా ‘కటింగ్’ కోసం స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తామంటే అక్కడికి వెళ్లడం మానేయాలి. గుండె, కాలేయం, సంతానం మూడూ దెబ్బతింటాయి.

2025 మార్చిలో మన దేశానికి వచ్చిన మౌంజారో లాంటి మందులు డాక్టర్ పర్యవేక్షణలో వాడేవి. ఆ మందుపై జరిగిన పరీక్షల్లోనూ తగ్గిన బరువులో పావు వంతు కొవ్వు కాని భాగమే. కాబట్టి ఇంజెక్షన్ తీసుకునేవాళ్లకూ బరువులు, ప్రొటీన్ అవసరమే.

ఎవరు జాగ్రత్తగా ఉండాలి?

కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా ప్రొటీన్ పెంచకూడదు. ఇన్సులిన్ లేదా షుగర్ మాత్రలు వాడేవాళ్లకు తిండి తగ్గించినప్పుడు షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు, డోసు మార్చాల్సి రావచ్చు. బీపీ ఉన్నవాళ్లు బరువు ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టకూడదు. గర్భిణులు బరువు తగ్గే ప్రయత్నం చేయకూడదు.

బరువులు ఎత్తితే మగవాళ్లలా అవుతామన్న భయం ఆడవాళ్లకు అక్కర్లేదు. అంత కండ పెరగడానికి కావాల్సిన హార్మోన్ వాళ్లలో చాలా తక్కువ. వయసు పెరిగే కొద్దీ ఎముకలు బలహీనపడకుండా ఇది కాపాడుతుంది. జిమ్‌కు వెళ్లే వీలు లేకపోతే ఇంట్లోనే ఒక జత డంబెల్స్, నీళ్ల క్యాన్, కుర్చీతో మొదలుపెట్టొచ్చు.

సరిగా జరుగుతోందా?

వారంలో మూడు రోజులు పరగడుపున బరువు చూసి సగటు తీయాలి. రెండు వారాలకోసారి బొడ్డు దగ్గర టేపుతో కొలవాలి. జిమ్‌లో ఎత్తిన బరువులు నోట్‌బుక్‌లో రాసుకోవాలి. నడుము తగ్గుతూ, ఎత్తే బరువు నిలబడి ఉంటే పోతున్నది కొవ్వే. బరువు గబగబా తగ్గుతూ, నిన్నటిదాకా ఎత్తిన బరువు ఇవాళ లేవకపోతే తిండి కొంచెం పెంచి, నిద్ర సరిచూసుకోవాలి.