ఈత కల్లు, బెల్లం సారా: కడప జిల్లా పానీయాల్లో చక్కెర ఆనవాలు

కడప జిల్లాలో మత్తు పానీయాలకు కావలసిన చక్కెర ప్రధానంగా రెండు చోట్ల నుంచి వచ్చింది. ఒకటి వంకల గట్ల మీది ఈతచెట్టు, రెండోది చెరకు బెల్లం. ఈడిగలు మోకుతో చెట్టెక్కి, మొవ్వు దగ్గర గీత గీసి, కుండ కట్టి దించిన రసం గంటల్లోనే పులిసి కల్లవుతుంది. కుండ లోపల సున్నం పూస్తే పులియక తియ్యగా నిలుస్తుంది; అది నీరా. సారా పద్ధతి వేరు. బెల్లం నీళ్లలో తుమ్మచెక్క వేసి, ఆ ఊట పొంగి పులిశాక బట్టీ మీద కాచి, ఆవిరిని చల్లార్చి పడతారు.

ఈ రెండింటి చరిత్రను నడిపింది ఎక్కువగా సర్కారు ఖజానాయే. 1800లో నిజాం నుంచి కంపెనీ చేతికి వచ్చిన ఈ సీమలో అబ్కారీ పెద్ద రాబడి. 1886 మదరాసు అబ్కారీ చట్టం తర్వాత గీతచెట్లకు లెక్క, గుర్తు, చెట్టుపన్ను వచ్చాయి. రాజాజీ ప్రభుత్వం 1937లో సేలంలో మొదలుపెట్టిన మద్యనిషేధాన్ని 1938 అక్టోబరు 1న చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరించింది. అలా ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల తాలూకాలు దేశంలోనే తొలి నిషేధ ప్రాంతాల్లో చేరాయి. ఆ రాబడి లోటు పూడ్చడానికే 1939లో అమ్మకపు పన్ను పుట్టింది. నిషేధం భారం గీత కార్మికుడి మీదే ముందు పడింది. చెట్టు అందరి కంటా పడుతుంది, బెల్లం ఊట ఇంటి మూలనో గుట్ట చాటునో దాగుతుంది. 1995 జనవరి 16న ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సంపూర్ణ నిషేధం 1997లో సడలింది. ఆ కాలంలోనూ నాటుసారా బట్టీలు ఆగలేదు.

మరి కల్లులో చెరకు చక్కెర కలిపారేమో ఎలా తేల్చాలి? ఈత రసంలోనూ బెల్లంలోనూ ముఖ్యంగా ఉండేది సుక్రోజే కాబట్టి మామూలు రసాయన పరీక్షకు తేడా దొరకదు. తేడా కర్బనంలో ఉంది. ప్రకృతిలోని కర్బనంలో సుమారు 99 శాతం కర్బనం-12, మిగిలినది దాదాపు అంతా కాస్త బరువైన కర్బనం-13. ఈత, తాటి, ద్రాక్ష, వరి, పులివెందుల తోటల్లోని చీనీ, అరటి సి3 మొక్కలు. ఇవి గాలి నుంచి కర్బనం తీసుకునేటప్పుడు కర్బనం-13ను ఎక్కువగా వదిలేస్తాయి. చెరకు, జొన్న, కొర్ర సి4 మొక్కలు, అంతగా వదలవు. సి4 మొక్కలు కర్బనం తీసుకునే ఈ మార్గాన్ని 1966లో ఆస్ట్రేలియాలో హాచ్, స్లాక్ వివరించారు. అంతర్జాతీయ ప్రమాణంతో పోల్చి వెయ్యింటికి లెక్కగడితే సి3 చక్కెర -25 దగ్గర, చెరకు చక్కెర -12 దగ్గర తేలుతుంది. కల్లులోని చక్కెరకు -18.5 వచ్చిందంటే అందులో దాదాపు సగం చెరకుదే. పులిసినప్పుడు ఆల్కహాల్ విలువ ఒకటి రెండు అంకెలు దిగినా ఈ ఎడం చెరగదు, బట్టీ పట్టినా నిలుస్తుంది.

1970ల్లో తేనెలో మరో సి4 మొక్క మొక్కజొన్న పాకం కల్తీని ఇలాగే పట్టారు. వైన్ విషయంలో చిక్కు వచ్చింది: ఐరోపాలో ద్రాక్షరసానికి కలిపే బీట్ చక్కెర కూడా సి3దే. అందుకే ఫ్రాన్స్‌లోని నాంత్‌లో జెరార్ మార్టిన్ బృందం హైడ్రోజన్ ఐసోటోపుల పరీక్షను రూపొందించింది. 1990లో ఐరోపా సమాజం దాన్ని వైన్‌కు అధికారిక పద్ధతిగా తీసుకుంది. కల్లుకూ ఇదే పరిమితి వర్తిస్తుంది. తాటిబెల్లం కలిపితే కర్బనం కొలత పట్టుకోలేదు. మత్తు కోసం కలిపే క్లోరల్ హైడ్రేట్, డయాజిపామ్ చక్కెరలు కావు గనుక వాటికి క్రోమటోగ్రఫీ వంటి వేరే పరీక్షలు చేయాలి.