టెన్నిసు విజేత ఆల్థియా గిబ్సను

1927వ సంవత్సరమున అమెరికాలోని దక్షిణ కెరోలినా రాష్ట్రమున ఆల్థియా గిబ్సను జన్మించెను. తలిదండ్రులు పరుల భూమిలో పాలునకు ప్రత్తి పండించు నల్లజాతివారు. సేద్యము గిట్టక ఆ కుటుంబము న్యూయార్కు నగరమునకు వలసపోయెను. అచ్చటి వీధిలోనే బాలిక చెక్కబ్యాటుతో బంతి కొట్ట నేర్చెను. ఆమె నేర్పు చూచి యిరుగుపొరుగువారు చందాలు వేసికొని టెన్నిసు సంఘమున చేర్పించిరి.

నల్లజాతివారి పోటీలలో 1947 మొదలు ఏటేట గెలిచినను, జాతీయ పోటీల ద్వారము ఆమెకు తెఱవబడలేదు. అప్పుడు పూర్వవిజేతయగు ఆలిస్ మార్బులు అను తెల్లజాతి వనిత, ఇది న్యాయము కాదని 1950లో పత్రికాముఖమున నిలదీసెను. ఆ యేడే గిబ్సనుకు ప్రవేశము లభించెను. 1957లో ఆమె వింబుల్డను గెలిచి, ఎలిజబెత్తు రాణి చేతిమీదుగా బహుమతి నందెను.

శ్రోతలారా! లోకము ఆమె ఆటను మెచ్చెను. నాడు చందా వేసిన ఆ పొరుగువారిని గూడ మనము తలచుకొనవలసియున్నది.