మెట్ట ఊళ్లు ఆపిన వేలంపాట

దూబగుంట ఆడవాళ్లు మొదట ఆపింది సారా జీపును కాదు, కల్లు బండిని. నెల్లూరు జిల్లా కలిగిరి మండలంలోని ఆ ఊళ్లో 1990ల మొదట్లో జరిగిన ఈ సంగతిని వాళ్లు చెప్పగా అక్షరాస్యత వాచకంలో పాఠంగా వేశారు. వందమంది దాకా పోగై బండికి అడ్డం నిలబడ్డారు, కల్లంతా పారబొయ్యమన్నారు. బండివాడు నష్టపోకుండా తలా ఒక రూపాయి వేసుకుని ఇస్తామని కూడా చెప్పారు. అతను బెదిరిపోయాడు, ఆ రోజు నుంచి ఊళ్లోకి కల్లు రాలేదు. తర్వాత సారా జీపు వచ్చింది. దాన్నీ చుట్టుముట్టారు గానీ అక్కడ రూపాయి ప్రస్తావన లేదు, వెనక్కి పొమ్మనడమే. కల్లు అమ్మి పొట్టపోసుకునేవాడికి, పాటలో ఊరిని కొనుక్కున్నవాడికి మధ్య తేడా ఆ గుంపులో అందరికీ తెలుసు. సారా ఉద్యమాన్ని అర్థం చేసుకోవాలంటే ఈ తేడా దగ్గర్నుంచే మొదలుపెట్టాలి. మనం చెప్పుకునే కథల్లో అది కనిపించదు.

మనం చెప్పుకునే కథలు రెండు. ఒకటి, అక్షరాస్యత వాచకంలో సీతమ్మ కథ చదివి ఆడవాళ్లు మేల్కొన్నారని. రెండోది, పత్రికల పోరులో పుట్టిన ఉద్యమమిదని, పత్రిక అండ లేకపోతే దూబగుంట పేరు కావలి దాటేది కాదని. మొదటిది గౌరవంగా చెప్పేది, రెండోది పెదవి విరుస్తూ చెప్పేది. రెండింటిలోనూ కొంత నిజం ఉంది. కానీ ఊరి బుర్ర బయటివాళ్లు పెట్టిందేనని రెండూ అనుకుంటాయి. ఉదయగిరి మెట్ట మీది ఈ ఊళ్లు తిరగబడింది తాగుడు అనే దురలవాటు మీద మాత్రమే కాదు. కూలి డబ్బు ఇంటికి చేరకముందే అందులో వాటా తీసుకునే ఒక పద్ధతి మీద. ఆ పద్ధతి పేరు వేలంపాట. దాని వయసు వందేళ్లు దాటింది.

కుంపిణీ కాలంలో సారా హక్కును గుత్తకిచ్చేవాళ్లు. ఎక్కువ పాడినవాడిదే తాలూకా. 1886లో వచ్చిన మద్రాసు ఆబ్కారీ చట్టం ఈ గుత్తలను ఒక క్రమంలో పెట్టింది. సారా కాచే హక్కు కాంట్రాక్టు డిస్టిలరీలకు పోయింది, తాటిచెట్టు గీయాలంటే చెట్టుకింత పన్ను కట్టాల్సి వచ్చింది, దుకాణం పెట్టే హక్కు పాటకు వెళ్లింది. ఊళ్లో ఎవరో గీసుకుని తాగేది సర్కారు లెక్కలోకి వచ్చింది. తాగుడును అదుపులో పెట్టడానికే ఇదంతా అని అధికారులు అనేవాళ్లు. ఆ మాట పూర్తిగా అబద్ధమూ కాదు. ఊరూరా కాచుకునే సారా కంటే లైసెన్సు దుకాణం మీద నిఘా సులువు. అయితే పాటదారుడి లెక్క చూడండి. సరుకు అమ్ముడుపోయినా పోకపోయినా పాట సొమ్ము అతను కట్టి తీరాలి. కాబట్టి ప్రతి పల్లెకూ, ప్రతి చేలోకీ సరుకు చేర్చాలి, అప్పుపెట్టి అయినా తాగించాలి. తాగేవాళ్లు తగ్గితే అతను మునుగుతాడు, వచ్చే ఏడు పాట తగ్గితే సర్కారు మునుగుతుంది. ఇలా ఇద్దరి క్షేమమూ కూలివాడి దాహం మీద కట్టారు.

ఈ సంగతి లండన్‌లోనూ చర్చకు వచ్చింది. డబ్ల్యూ. ఎస్. కెయిన్ అనే పార్లమెంటు సభ్యుడు 1888లో ఇండియా కోసం మద్యవ్యతిరేక సంఘం స్థాపించడానికి తోడ్పడ్డాడు. 1889లో ఇండియా ఆబ్కారీ విధానాన్ని తప్పుపడుతూ కామన్స్ సభ కొద్ది ఓట్ల తేడాతో తీర్మానమే చేసింది. అయినా పాటలు ఆగలేదు. ఎందుకు ఆగలేదో తెలియాలంటే అదే దేశపు ఇంకో ముఖం చూడాలి. బీరు కాచి కోట్లు గడించిన కుటుంబాలు ఆ రోజుల్లో ప్రభువులవుతున్నాయి. 1886లో బాస్ కుటుంబంనుంచి ఒకరు, ఆల్సప్ కుటుంబంనుంచి ఒకరు, 1891లో గిన్నిస్ కుటుంబంనుంచి ఒకరు ప్రభువుల సభకెక్కారు. పీరేజీని జనం బీరేజీ అని పిలవడం మొదలుపెట్టారు. 1908లో ఆస్క్విత్ ప్రభుత్వం దుకాణాలు తగ్గించే బిల్లు తెస్తే, కామన్స్ ఒప్పుకున్నా ప్రభువుల సభ దాన్ని కొట్టేసింది. అప్పుడు వినిపించిన వాదన, పేదవాడి గ్లాసును లాక్కోవద్దని. గ్లాసు మీద లాభం తీసేవాళ్లే పేదవాడి తరఫున మాట్లాడటం, చట్టం చేసే చోట వాళ్లే కూర్చోవడం అక్కడా ఉంది, తర్వాత మన దగ్గరా వచ్చింది. కష్టజీవి గుక్కెడు తాగితే తప్పేమిటని దూబగుంటవాళ్లనూ అడిగేవాళ్లు ఉంటారు. అడగదగ్గ ప్రశ్నే. ఇష్టపడి తాగేవాడి దగ్గరికి జీపు రోజూ ఎందుకు రావాలన్నది కూడా అడగదగ్గ ప్రశ్నే.

మనవాళ్ల చేతికి అధికారం వస్తే పద్ధతి మారుతుందనుకున్నారు. 1937లో రాజాజీ సేలం జిల్లాలో నిషేధం పెట్టి, మరుసటేడు చిత్తూరు, కడపలకు విస్తరించాడు. పోయిన రాబడి పూడ్చడానికి అమ్మకం పన్ను తెచ్చాడు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన ఏడాదికే, 1954 నవంబరులో, నిషేధం తగువు మీదే ప్రకాశం ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. ఆ తర్వాత 1960ల చివరికి నిషేధం ఎత్తేశారు. అక్కడ్నుంచి ఖజానా లెక్కలే మాట్లాడతాయి. 1970-71లో ఆబ్కారీ రాబడి 39 కోట్ల రూపాయలు. 1991-92 నాటికి 812 కోట్లు. రూపాయి విలువ పడిపోయిన సంగతి లెక్కలోకి తీసుకున్నా ఇది మామూలు ఎదుగుదల కాదు. 1980లలో వారుణివాహిని పేరుతో సారాను ప్లాస్టిక్ సంచుల్లో నింపి పంపడం మొదలైంది. అరచేతిలో ఇమిడే ఆ సంచి వేలంపాట పద్ధతికి చివరి మెట్టు. దానికి దుకాణం అక్కర్లేదు, గ్లాసు అక్కర్లేదు, కొలత తగువు లేదు. పంటి కింద మూల కొరికి నోట్లో పిండుకోవచ్చు. సైకిలు మీద నూరు సంచులు వేసుకుని వేరుశనగ చేల గట్ల దాకా వెళ్లొచ్చు. వానమీద బతికే ఈ మెట్ట ఊళ్లకు తాగునీళ్లు ఒకరోజు రాకపోయేవి, సారా మాత్రం తప్పకుండా వచ్చేది.

ఇప్పుడు పత్రికల సంగతి. పెదవి విరిచేవాళ్ల దగ్గర గట్టి సాక్ష్యమే ఉంది. మద్యం వ్యాపారంలో పేరుపడ్డ మాగుంట సుబ్బరామిరెడ్డి 1991లో ఒంగోలు నుంచి కాంగ్రెస్ ఎంపీ అయ్యాడు. దాసరి నారాయణరావు 1984లో పెట్టిన ఉదయం పత్రిక ఆయన చేతికి వచ్చింది. ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డిదీ నెల్లూరు జిల్లాయే. ఎదుట ఈనాడు. తెలుగుదేశం పుట్టినప్పటి నుంచి దానికి అండ, 1989 నుంచి జిల్లా అనుబంధాలతో మండల వార్తను కూడా అచ్చువేయగల పత్రిక. సారా ఉద్యమానికి అది పేజీలకు పేజీలు ఇచ్చింది. పోటీ పత్రిక యజమాని వ్యాపారం, ప్రత్యర్థి పార్టీ ప్రభుత్వం, రెండూ ఒకే దెబ్బకు దొరుకుతున్నప్పుడు ఆ పేజీల వెనక కేవలం ఆడవాళ్ల కన్నీళ్లే ఉన్నాయని ఎవరూ నమ్మక్కర్లేదు. మద్యం డబ్బు, పత్రిక, చట్టసభ సీటు ఒకే చేతిలో ఉండటం ప్రజాస్వామ్యానికి జబ్బే. ఆ జబ్బును ఎదుటి పత్రిక తన లాభం కోసం బయటపెట్టినా, బయటపెట్టడం మంచిదే. అయితే పత్రిక వార్తను మోయగలదు, బండికి అడ్డం నిలబడలేదు. దూబగుంటలో కల్లు బండిని ఆపే వేళకి జిల్లాలో సారాపై ప్రత్యేక పేజీలు లేవు. రాత్రిపూట కాంట్రాక్టరు మనుషులు, పోలీసులు వస్తే ఎదురు నిలిచింది కారం, చీపురుకట్ట పట్టుకున్న ఆ ఊరివాళ్లే. హైదరాబాదు అన్వేషి సంస్థవాళ్లు ఈ ఊళ్లు తిరిగి రాసిన వ్యాసం 1993 జనవరిలో వచ్చింది. అందులో మాట్లాడే ఆడవాళ్లు పత్రిక భాష మాట్లాడరు. కూలి ఎంత, సారాకు ఎంత పోతోంది, నీళ్లు ఎందుకు రావు, ఇవే వాళ్ల మాటలు.

వాచకం మాటకొస్తే, దాని పాత్ర ఇంకా పెద్దది, చిన్నచెయ్యడం అన్యాయం. 1991 జనవరిలో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత కార్యక్రమం మొదలైంది, జనవిజ్ఞాన వేదిక కార్యకర్తలు ఊరూరూ తిరిగారు. పగలంతా పనికిపోయే ఆడవాళ్లు రాత్రి లాంతరు చుట్టూ ఒకచోట కూర్చోవడం దానివల్లే సాధ్యమైంది. సీతమ్మ కథ వాళ్లకు ధైర్యం ఇచ్చింది. కానీ అదే వాచకం ఇంకా చాలా ఊళ్లలో చదివారు. దూబగుంటలోనే ఎందుకు అంటుకుంది? కథ చెప్పింది దుకాణం మూయించమని. ఈ ఊళ్లు అక్కడ ఆగకుండా పాట దగ్గరికి నడిచాయి. దుకాణం మూస్తే కాంట్రాక్టరు పక్క ఊళ్లో తెరుస్తాడు, పాటే జరగకపోతే ఎక్కడా తెరవలేడు. 1992లో నెల్లూరులో సారా పాట పెట్టినప్పుడల్లా ఆడవాళ్లు ట్రాక్టర్లలో, బస్సుల్లో వచ్చి నిలబడ్డారు. పాట వాయిదా మీద వాయిదా పడింది. ఏ వాచకంలోనూ లేని పాఠం ఇది. పాటదారుడి అప్పు ఏడాది పొడవునా కట్టిన ఇళ్లు తమంతట తాము నేర్చుకున్నది. ఈ పోరులో ముందు నిలిచిన దూబగుంట వర్దినేని రోశమ్మ పేరు అందరికీ తెలిసింది, తెలియాల్సిన పేరే. ఆమె పక్కన నిలబడ్డ మిగతావాళ్ల పేర్లు మాత్రం వార్తల్లో ‘మహిళలు’ అనే ఒక్క మాటలో కలిసిపోయాయి. ఆ పేర్లు రాసిపెట్టుకోవడానికి ఇప్పటికీ ఆలస్యం కాలేదు.

ఇక గట్టి అభ్యంతరం. ఇంత చేసి ఏం మిగిలింది అన్నది. 1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా ఆగింది. 1994 ఎన్నికల్లో కాంగ్రెస్ 26 సీట్లకు పడిపోయింది. ఎన్టీ రామారావు 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం అమలు చేశాడు. 1997లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం దాన్ని ఎత్తేసింది. అందుచేత ఉద్యమం ఓడిపోయిందంటారు. ఇక్కడ ఒక గజిబిజి ఉంది. ఊళ్లు అడిగింది సారా పాట ఆపమని. సంపూర్ణ నిషేధం అన్న నినాదం వాళ్ల డిమాండు మీద పార్టీలు కట్టిన మేడ. ఆ మేడ కూలింది. సారా మాత్రం 1997లో కూడా చట్టబద్ధంగా తిరిగి రాలేదు. వాళ్లు ఆపిన వస్తువు ఆగింది. బెల్టుషాపు రూపంలో చౌక మద్యం మళ్లీ గడప దగ్గరికే వచ్చిందన్నది మాత్రం కాదనలేని మాట, దీనికి నా దగ్గర సమాధానం లేదు. అయినా ఆ కాలంలోనే నెల్లూరులో పొదుపు లక్ష్మి సంఘాలు మొదలయ్యాయి, రోజుకు ఒక రూపాయి లెక్కన. కల్లు బండివాడికి ఇస్తామన్న రూపాయి లాంటిదే, ఈసారి సొంత డబ్బాలోకి వెళ్లింది. బ్యాంకులకు, ప్రభుత్వాలకు ఆ సంఘాలే తర్వాత ఆదర్శమయ్యాయి.

రోశమ్మ 2016లో కన్నుమూసింది. ఎనిమిదేళ్ల తర్వాత, 2024 అక్టోబరులో, రాష్ట్రంలో మద్యం దుకాణాలను లాటరీ తీసి ప్రైవేటువాళ్లకు పంచారు. ఒక్కో దరఖాస్తుకు 2 లక్షల రూపాయలు, దుకాణం రాకపోయినా తిరిగి ఇవ్వనిది. దరఖాస్తులు వేలల్లో వచ్చాయి. ఒక్క సీసా మూత తియ్యకముందే ఆ డబ్బు ఖజానాకు చేరింది. దుకాణం దక్కినవాడు ఆ రెండు లక్షలూ ఎవరి దగ్గర రాబట్టుకుంటాడో కలిగిరి, వింజమూరు, ఉదయగిరి మెట్ట ఊళ్లకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.