సయాము కొలువునకు దీవుల దారి

1862 మార్చి 15వ తేదీన, ప్రొద్దు పొడువక ముందే, సయాము సింధుశాఖలో సాగుచున్న 'చౌ ఫ్యా' అను చిన్న పొగయోడ మీద ఒక వితంతువు నిలిచి తీరము కొరకు ఎదురుచూచుచుండెను. ఆమె వెంట ఐదేండ్లు నిండిన కుమారుడు. బాంకాకు రాజాంతఃపురమున పిల్లలకు ఇంగ్లీషు నేర్పు ఉద్యోగము ఆమెకు కుదిరినది. ఆమె పేరు ఆనా లియోనోవెన్సు. 1870లో ఆమె ప్రకటించిన గ్రంథము, దానిని ఆధారము చేసికొని 1944లో మార్గరెట్ లాండన్ వ్రాసిన కథ, 1956 నాటి హాలీవుడ్ చిత్రము ఆమె కొలువు ముచ్చటలను లోకమంతట చాటినవి. శ్రోతలలో కొందరు ఆ చిత్రమును చూచియే యుందురు. మేమిచ్చట చెప్పదలచినది ఆ కొలువు కాదు, దానికి ముందటి దీవుల ప్రయాణము. ఆ దీవులలోనే ఆమె రెండవ మారు జన్మించెనని మా తలంపు.

ఆమె తన్ను గూర్చి చెప్పుకొన్నది ఇది: పుట్టినది 1834లో వేల్సు దేశమున, తండ్రి సైన్యములో కెప్టెను, భర్త మేజరు. దస్తావేజులు మరియొక కథ చెప్పుచున్నవి. ఆమె 1831లో మన దేశమందే, అహమదునగరులో జన్మించెను. తండ్రి కుంపిణీవారి బొంబాయి సైన్యమున సార్జెంటు. కూతురు పుట్టక మునుపే గతించెను. అమ్మమ్మ బహుశః భారతీయ రక్తము గల స్త్రీ. 1849లో పూనాలో ఆమెను పెండ్లాడిన థామస్ లియాన్ ఓవెన్స్ మేజరు కాడు, గుమాస్తా.

ఆ దంపతులు బ్రతుకుతెరువు వెదకికొనుచు పశ్చిమ ఆస్ట్రేలియాకు పోయి, అచ్చట గడవక పినాంగు దీవికి చేరిరి. ఈ దీవికిని సయాముకును గల సంబంధము గమనింపదగినది. పినాంగు కెడా సుల్తానుది. ఆ సుల్తాను బంగారముతోను వెండితోను చేయించిన పూలచెట్లను సయాము రాజునకు కప్పముగా పంపువాడు. 1786లో దీవిని కుంపిణీ పరము చేయించిన ఫ్రాన్సిస్ లైట్ అంతకు ముందు ఫుకెట్ దీవిలో వర్తకము చేసినవాడే. ఆనాటి నావికులు ఫుకెట్టును 'జంక్ సిలోన్' అనెడివారు. 1785లో బర్మావారు దండెత్తగా చాన్, ముక్ అను అక్కచెల్లెండ్రు జనమును కూడగట్టి ఆ దీవిని కాపాడిరి. నేటికిని ఫుకెట్టులో వారి విగ్రహములు నిలిచియున్నవి.

పినాంగులో థామస్ ఒక హోటలు నడపి, 1859లో ఆకస్మికముగా మరణించెను. చేతిలో ఇద్దరు బిడ్డలు. వెనుక నిలుచువారు లేరు. ఆమె సింగపూరు దీవికి పోయి చిన్న బడి పెట్టెను. భర్త పేరులోని రెండు మాటలు కలిసి 'లియోనోవెన్సు' అయినవి, గుమాస్తా మేజరయ్యెను, అహమదునగరు మరుగుపడెను. సముద్రము నడుమ గల రేవుపట్టణమున నీ ఊరేదని అడుగువారుందురు గాని, చెప్పినది నిజమా యని పోయి చూచివచ్చువారుండరు. ఇది మోసమే యనవచ్చును. కాని మిశ్రమ సంతతి యని తెలిసినచో దొరల బిడ్డలను ఆమె బడికి పంపుదురా? ఆ నాటి వలస సమాజపు తీరు ఎరిగినవారు ఈ ప్రశ్నను దాటిపోలేరు.

బడి వలన రాబడి చాలలేదు. అప్పుడు సింగపూరున సయాము పక్షమున వ్యవహరించు తాన్ కిమ్ చింగ్ అను చీనా వర్తకుని మూలమున మోంగ్‌కుట్ రాజు కబురు వచ్చినది. రాజు కోరినది ఇంగ్లీషు భాష, శాస్త్రములు; మతబోధ మాత్రము వలదని ముందే స్పష్టము చేసెను. 1851లో అంతఃపురమున చదువు చెప్పుటకు కుదిరిన మిషనరీల భార్యలు మతము వైపు మొగ్గుటయే ఈ కట్టడికి కారణము. ఆనా కుమార్తెను ఇంగ్లండులోని బడికి పంపి, కుమారునితో ఓడ యెక్కెను. నదీముఖమున పాక్‌నామ్ వద్ద, నీటి నడుమ చిన్న దీవిపై తెల్లని చైత్యము అప్పటికే వెలసియున్నది. సముద్రము నుండి బాంకాకునకు పోవు ఓడలు దానిని దాటియే పోవలెను. ఊరు చేరిన ఆ రాత్రి బస యెక్కడో తెలియక ఇక్కట్టుపడితినని ఆమె వ్రాసికొన్నది.

ఆమె పుట్టుక గూర్చి చెప్పిన అబద్ధమును మేము క్షమింపగలము. రాజును గూర్చి వ్రాసిన వానిని క్షమించుట కష్టము. భూగర్భ చెరసాలల మాట చూడుడు: కొద్దిగ త్రవ్వినంతనే నీరు ఊరు బాంకాకులో అవి ఎట్లు నిలుచును? థాయి ప్రభుత్వము ఆ చలనచిత్రమును నిషేధించుటలో వింత లేదు. మోంగ్‌కుట్ ఇరువదియేడేండ్లు భిక్షువుగా నుండి లాటిను, ఇంగ్లీషు, ఖగోళశాస్త్రము అభ్యసించినవాడు. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణమును తానే గణించెను. ఆ ఛాయ మన గుంటూరు, మచిలీపట్టణముల మీదుగ సాగి సయాముకు పోయినది. గుంటూరున ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ దుర్భిణితో కాచియున్న నాడే, వా కో అను తీరగ్రామమున రాజు తన లెక్క సరిపోవుట చూచి ఆనందించెను. ఆ అడవినేల మలేరియా తగిలి అక్టోబరు 1న కన్నుమూసెను. ఆనా అంతకు ముందటి యేడే సయాము వీడిపోయినది. ఆమె శిష్యుడైన చులాలోంగ్‌కార్న్ పదునైదవ యేట రాజై, 1905 నాటికి బానిసత్వమును చట్టముచే రద్దు చేసెను. అది ఆమె పాఠముల ఫలమే యనుట అతిశయోక్తి. 1897లో లండనున గురువును కలిసికొన్న మాట మాత్రము నిజము.

ఆనా 1915లో కెనడాలోని మాంట్రియలున మరణించెను. ఆమె వంశీకులును వేల్సు కథనే నమ్మిరి. 1970 ప్రాంతమున బ్రిస్టో అను ఆంగ్లేయుడు, సాలెపురుగుల శాస్త్రములో పేరుగాంచినవాడు, సయాములో టేకు వర్తకుడుగా స్థిరపడిన ఆమె కుమారుడు లూయీ జీవితము వ్రాయబూని, లండనులో అతని జనన పత్రము కొరకు వెదకి కానక, ఆ పోగు పట్టుకొని ఒక్కొక్క రేవు మీదుగా వెనుకకు నడచి అహమదునగరు చేరెను.